మసి పూసి మారేడుకాయ చేయకుండా: గ్రాఫీన్ ఎలక్ట్రోడుతో డోపమైన్‌ను కొలిచే పద్ధతి

డోపమైన్ మెదడులో నాడీకణాల మధ్య సంకేతాలు మోసే రసాయనం. దాన్ని ఎలక్ట్రోడు మీద ఆక్సీకరించడం, అంటే దాని నుంచి ఎలక్ట్రాన్లు లాగేయడం, పెద్ద విద్య కాదు. బీకరులో అదొక్కటే ఉంటే మామూలు బొగ్గు కడ్డీ కూడా ఆ పని చేస్తుంది. పక్కనే విటమిన్ సి, యూరిక్ యాసిడ్ ఉన్నప్పుడు ‘ఈ కరెంటు డోపమైన్‌దే’ అని ధైర్యంగా చెప్పగలగడమే అసలు పని. ఉత్త కార్బన్ మీద ఈ మూడూ దాదాపు ఒకే వోల్టేజి దగ్గర ఎలక్ట్రాన్లు వదులుతాయి. పైగా మెదడులో కణాల మధ్య ద్రవంలో డోపమైన్ నానోమోలార్ స్థాయిలో ఉంటే, ఆస్కార్బిక్ యాసిడ్, అంటే మన విటమిన్ సి, వందల మైక్రోమోలార్లలో ఉంటుంది. 1973లో అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ ఆడమ్స్ బృందం ఎలుక మెదడులోకి కార్బన్ ఎలక్ట్రోడు దింపి కొలిచింది. అలా వచ్చిన తొలి సంకేతాల్లో ఎక్కువ వాటా ఆస్కార్బిక్ యాసిడ్‌దేనని తర్వాత తేలింది. యాభై ఏళ్లయినా ఆ చిక్కు పూర్తిగా వీడలేదు.

ఈ చిక్కు విప్పడానికి పనికొచ్చే వాటిలో గ్రాఫీన్ ఒకటి. 2004లో మాంచెస్టర్‌లో ఆండ్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నోవోసెలోవ్ జిగురు టేపుతో గ్రాఫైటు నుంచి ఒక్క పరమాణువు మందమున్న పొరను విడదీశారు. 2010లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. అక్కడి నుంచి గ్రాఫీన్ సెన్సర్ల మీద పత్రాలు వరదలా వస్తున్నాయి. చాలావాటిలో ‘ఉత్త ఎలక్ట్రోడు కంటే మాది ఇన్ని రెట్లు మేలు’ అనే గ్రాఫు ఒకటి తప్పనిసరి. ఆ ఉత్త ఎలక్ట్రోడును సరిగ్గా రుద్దారా లేదా అని అడిగేవారు తక్కువ. పీజీ విద్యార్థుల ప్రాజెక్టులకు గైడుగా ఉన్నదాన్ని కాబట్టి నేను అడుగుతాను. కింద చెప్పే పద్ధతంతా ఆ అనుమానం చుట్టూ అల్లినదే. గ్రాఫులో కరెంటు శిఖరం పెరిగితే సంతోషపడే ముందు అది ఎందుకు పెరిగిందో తేల్చుకోవాలి.

కావలసినవి

పొటెన్షియోస్టాట్ (వోల్టేజిని మనం చెప్పినట్టు నడుపుతూ కరెంటు కొలిచే యంత్రం), 10 మిల్లీలీటర్లు పట్టే గాజు సెల్, మూడు ఎలక్ట్రోడులు. పనిచేసే ఎలక్ట్రోడు 3 మిల్లీమీటర్ల వ్యాసమున్న గ్లాసీ కార్బన్. రిఫరెన్స్ ఎలక్ట్రోడు 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ నింపిన సిల్వర్–సిల్వర్ క్లోరైడ్. నేను చెప్పే వోల్టేజిలన్నీ దానితో పోల్చి చెప్పేవే. మూడోది ప్లాటినం తీగ.

నీరు 18.2 మెగా ఓమ్ సెంటీమీటర్ల నిరోధకత ఉన్నదే వాడండి. తాగడానికి పెట్టుకున్న ఆర్వో యంత్రం నీళ్లు ఈ పనికి రావు. లేశమాత్రం రాగి ఉన్నా ఆస్కార్బిక్ యాసిడ్ గాలిలో తొందరగా పాడవుతుంది.

గ్రాఫీన్ ఆక్సైడ్‌ను, అంటే ఆక్సిజన్ గుంపులు అంటుకుని ఉన్న గ్రాఫీన్ రేకులను, కొనుక్కోమనే చెబుతాను. ఎలక్ట్రోడు మీద పరిచాక ఆ ఆక్సిజన్‌ను తీసేస్తాం. లీటరుకు 4 గ్రాముల గాఢతతో నీళ్లలో కలిపిన సీసాలు దొరుకుతాయి. ఒక్కటి కొంటే ప్రాజెక్టు మొత్తానికి సరిపోయి ఇంకా మిగులుతుంది. ‘మేమే తయారు చేస్తాం’ అని ఉత్సాహపడేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. 1958 నాటి హమ్మర్స్ పద్ధతిలో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలోకి పొటాషియం పర్మాంగనేట్ వేస్తారు. అక్కడ పుట్టే మాంగనీస్ హెప్టాక్సైడ్ సుమారు 55 డిగ్రీల సెల్సియస్ దాటితే పేలే పదార్థం. 2010లో రైస్ విశ్వవిద్యాలయం వారు సోడియం నైట్రేట్‌ను తీసేసి, ఫాస్ఫారిక్ ఆమ్లం చేర్చి విషవాయువుల బెడద తప్పించారు గానీ పర్మాంగనేట్ అలాగే ఉంది. అనుభవమున్న పెద్దవాళ్లు పక్కన లేకుండా, మంచు తొట్టి లేకుండా ఆ పనికి దిగవద్దు. తయారు చేసినా అందులోంచి మాంగనీసును పూర్తిగా కడిగేయడం వారాల పని. ఈ మాంగనీసు సంగతి ముందు ముందు మళ్లీ వస్తుంది.

ఇక కొనక్కర్లేని వస్తువు ఒకటి: మూత ఉన్న పెద్ద రేకు బిస్కెట్ల డబ్బా. పక్కకు రంధ్రం చేసి తీగలు లోపలికి పంపి, డబ్బాను పొటెన్షియోస్టాట్ ఎర్తుకు కలిపితే సెల్‌కు మంచి రక్షణ. నానోయాంపియర్లలో కొలిచేటప్పుడు ఫ్యాను, ఫ్రిజ్, ట్యూబులైటు అన్నీ 50 హెర్ట్జ్ గోలను గ్రాఫులోకి తెచ్చి పోస్తాయి. వేలు పోసి కొనే ఫారడే పంజరం చేసే పనినే ఈ డబ్బా కూడా చేస్తుంది.

ముందు ఉత్త ఎలక్ట్రోడు

ఇక్కడ తొందరపడితే మిగతా అంతా వృథా. అల్యూమినా పొడి మూడు రకాలు కావాలి: 1 మైక్రాన్, 0.3, 0.05. ఒక్కోదానికి వేరువేరు మెత్తలు పెట్టుకోండి. ముతక మెత్త మీది రేణువు సన్న మెత్త మీదికి వస్తే గీతలు మళ్లీ మొదలు. ఎలక్ట్రోడును నిలువుగా పట్టుకుని, బరువు వేయకుండా, 8 అంకె రాసినట్టు ఒక్కో మెత్త మీద రెండు మూడు నిమిషాలు తిప్పండి. ఒకే దిక్కున రుద్దితే ఆ దిక్కున చాళ్లు పడతాయి. చివరికి ఎలక్ట్రోడును ట్యూబులైటు కింద పట్టుకోండి. లైటు అంచులు మొద్దుబారకుండా సూటిగా కనిపించాలి. పాలు కలిపినట్టు తెల్లటి మసక ఉంటే అల్యూమినా ఇంకా అంటుకుని ఉందన్నమాట. నీళ్లలో, ఇథనాల్‌లో, మళ్లీ నీళ్లలో రెండేసి నిమిషాలు అల్ట్రాసోనిక్ తొట్టిలో ఉంచండి. అంతకన్నా ఎక్కువసేపు ఉంచితే కార్బన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొడుగు వదులై లోపలికి ద్రావణం దూరుతుంది.

ఇప్పుడు పరీక్ష. 0.1 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో 5 మిల్లీమోలార్ పొటాషియం ఫెర్రీసయనైడ్ కలిపి, –0.2 నుంచి 0.6 వోల్టుల మధ్య సెకనుకు 50 మిల్లీవోల్టుల వేగంతో సైక్లిక్ వోల్టామెట్రీ చేయండి, అంటే వోల్టేజిని ముందుకూ వెనక్కీ నడుపుతూ కరెంటును గ్రాఫుగా గీయండి. ఎదురెదురుగా ఉన్న రెండు శిఖరాల మధ్య దూరం సిద్ధాంతం ప్రకారం 57 మిల్లీవోల్టులకు దగ్గరగా రావాలి. 80 లోపు వస్తే ముందుకు వెళ్లండి. 100 దాటితే మెత్త దగ్గరికి తిరిగి వెళ్లండి. శిఖరం ఎత్తును కూడా లెక్కతో సరిచూడాలి. ఎలక్ట్రోడు వైశాల్యం 0.0707 చదరపు సెంటీమీటర్లు, ఫెర్రీసయనైడ్ వ్యాపన గుణకం సెకనుకు 7.6 × 10⁻⁶ చదరపు సెంటీమీటర్లు అనుకుని శిఖరం ఎత్తును ముందే లెక్కగట్టే ర్యాండల్స్–సెవ్చిక్ సమీకరణంలో వేస్తే సుమారు 59 మైక్రోయాంపియర్లు రావాలి. మీకు 40 వస్తే ఎలక్ట్రోడులో కొంత భాగం మూసుకుపోయింది. 80 వస్తే ద్రావణం గాఢతలోనో, తొడుగు అంచులోనో పొరపాటు ఉంది.

ఫెర్రీసయనైడ్ వ్యర్థాన్ని గాఢ ఆమ్లాలున్న సీసాలో ఎప్పుడూ పోయవద్దు. సయనైడ్ వాయువు వెలువడే ప్రమాదం ఉంది. దానికి వేరే సీసా, దాని మీద పెద్ద అక్షరాల చీటీ.

రేకులు పరచడం

సీసాలోని గ్రాఫీన్ ఆక్సైడ్ ఒక మిల్లీలీటరు తీసుకుని ఏడు మిల్లీలీటర్ల నీరు కలపండి. ఇప్పుడది మిల్లీలీటరుకు 0.5 మిల్లీగ్రాములు. తొట్టిలో మంచు ముక్కలు వేసి అరగంట అల్ట్రాసోనిక్‌లో ఉంచండి. పలుచని తేనెరంగులో, అడుగున మట్టి లేకుండా ఉండాలి. నల్లటి నలుసులు కనిపిస్తే వాటిని కింద దిగనిచ్చి పైనీటినే వాడండి.

ఎలక్ట్రోడును తలకిందులుగా నిలబెట్టి దాని నల్లటి ముఖం మధ్యలో 5 మైక్రోలీటర్ల చుక్క పెట్టండి. చుక్క కార్బన్‌ను మొత్తం కప్పి, ప్లాస్టిక్ మీదికి పాకకుండా ఆగాలి. పాకితే చుక్క తగ్గించండి, లేదా ప్లాస్టిక్‌ను బాగా తుడిచి ఆరబెట్టి మళ్లీ మొదలుపెట్టండి. ఇక ఆరడం. ఫ్యాను ఆపేయండి. గాలి తగిలిన వైపు చుక్క తొందరగా ఆరి రేకులన్నీ అంచుకు చేరతాయి, చుట్టూ ముదురు గోధుమరంగు చారిక, మధ్యలో ఏమీ లేని బట్టతల. పైన బీకరు బోర్లించి నెమ్మదిగా ఆరనివ్వండి. కాకినాడ, విశాఖ లాంటి తీరప్రాంతాల్లో ఉక్కపోత రోజుల్లో ఇందుకు పూట పడుతుంది. వేసవిలో హైదరాబాదు ఎండలో గంటన్నర చాలు. అందుకే బీకరు కింద తడి కాగితం ముక్కో, సిలికా జెల్ పొట్లమో పెట్టి ప్రతిసారీ దాదాపు ఒకే వేగంతో ఆరేట్టు చూసుకోండి. ఒక ఎలక్ట్రోడుకూ మరో ఎలక్ట్రోడుకూ ఫలితం తేడా రావడానికి నేను చూసిన కారణాల్లో ఎక్కువసార్లు కనబడేది ఈ ఆరడమే.

మనం పెట్టిన చుక్కలో 2.5 మైక్రోగ్రాముల పదార్థం ఉంది. అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 35 మైక్రోగ్రాములు. ఒక్క పొర గ్రాఫీన్ బరువు చదరపు సెంటీమీటరుకు 0.077 మైక్రోగ్రాములు. ఆక్సిజన్ బరువు మినహాయించుకున్నా మనం పరిచినది వందల పొరలు. ఆత్రేయపురం పూతరేకులు మడిచినట్టు రేకు మీద రేకు, మధ్యలో సందులు. పుస్తకంలో ‘ద్విమితీయ పదార్థం’ అని చదివి ఎలక్ట్రోడు మీద ఒక్క పరమాణువు మందం పొర ఉందనుకుంటే లెక్కలన్నీ తప్పుతాయి. గ్రాముకు 2,630 చదరపు మీటర్ల వైశాల్యం అని రాసుకునే అంకె కూడా రేకులన్నీ విడివిడిగా ఉంటేనే నిజం.

ఎలక్ట్రోడు మీదే క్షయకరణం

గ్రాఫీన్ ఆక్సైడ్ విద్యుత్తును సరిగ్గా ప్రవహించనివ్వదు. ఆక్సిజన్ గుంపులు కొన్నిటిని తీసేయాలి. హైడ్రజైన్ లాంటి విషపదార్థం అక్కర్లేదు, పొటెన్షియోస్టాటే ఆ పని చేస్తుంది. పీహెచ్ 7 ఉన్న 0.1 మోలార్ ఫాస్ఫేట్ బఫర్‌లోకి (పీహెచ్ మారకుండా చూసే ద్రావణం) పావుగంట నైట్రోజన్ వాయువు పంపండి. తర్వాత 0 నుంచి –1.4 వోల్టుల వరకు సెకనుకు 50 మిల్లీవోల్టుల వేగంతో సైకిళ్లు తిప్పండి.

మొదటి సైకిల్‌ను దగ్గరుండి చూడండి. –0.8 దాటాక కరెంటు కిందికి దిగడం మొదలై –1 నుంచి –1.2 వోల్టుల మధ్య పెద్ద లోయలా కనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో దానికి ఎదురు శిఖరం ఉండదు. రెండో సైకిల్‌కు ఆ లోయ దాదాపు మాయమవుతుంది. ఆక్సిజన్ గుంపులు ఒకసారి పోయాక మళ్లీ రావు. గోధుమరంగు పూత నల్లబడుతుంది. మూడు నాలుగు సైకిళ్లు చాలు. –1.5 దాటి వెళితే హైడ్రోజన్ బుడగలు పూత కింద పుట్టి దాన్ని పొక్కులుగా లేపేస్తాయి. ఎలక్ట్రోడు అంచున పూత నీటిలో ఊగుతూ కనిపిస్తే ఆ పూత తుడిచేసి మళ్లీ వేసుకోవాల్సిందే.

ఆక్సిజన్‌ను మొత్తం తీసేయాలని ఆశపడకండి. అంచుల్లో మిగిలే కార్బాక్సిల్ గుంపులే మనకు ఉపకారం చేసేవి. పీహెచ్ 7 దగ్గర వాటిమీద రుణావేశం ఉంటుంది. డోపమైన్‌లోని అమైన్ అదే పీహెచ్‌లో ధనావేశంతో ఉంటుంది, కాబట్టి దగ్గరికి వస్తుంది. ఆస్కార్బిక్ యాసిడ్, యూరిక్ యాసిడ్ రెండూ రుణావేశంతో ఉంటాయి, వాటికి అంత స్వాగతం దొరకదు. దానికి తోడు డోపమైన్‌లోని బెంజీన్ వలయం గ్రాఫీన్ తలానికి సమాంతరంగా అతుక్కుంటుంది.

ఫెర్రీసయనైడ్ పరీక్షను క్షయకరణానికి ముందు, తర్వాత కూడా చేయండి. గ్రాఫీన్ ఆక్సైడ్ మీద శిఖరాలు చిన్నబోతాయి. ఎందుకంటే ఫెర్రీసయనైడ్ కూడా రుణావేశమున్నదే, దాన్ని తోసేస్తుంది. క్షయకరణం తర్వాత శిఖరాలు తిరిగి లేవాలి. లేవకపోతే ముందడుగు వేయకండి.

ద్రావణాలు

పీహెచ్ 7.4 ఫాస్ఫేట్ బఫర్‌కు ఒక మోలార్ డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 77.4 మిల్లీలీటర్లు, ఒక మోలార్ సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 22.6 మిల్లీలీటర్లు కలిపి లీటరుకు నింపండి. పీహెచ్ 7.0 కావాలంటే 57.7, 42.3. తర్వాత మీటరుతో చూసి సరిచేసుకోండి.

డోపమైన్ హైడ్రోక్లోరైడ్ 18.96 మిల్లీగ్రాములు 10 మిల్లీలీటర్లలో కరిగిస్తే 10 మిల్లీమోలార్. దీన్ని బఫర్‌లో కాకుండా 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, సీసాకు అల్యూమినియం రేకు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. బఫర్‌లో గంటలు గడిచేకొద్దీ లేత గులాబీరంగు, ఆపైన గోధుమరంగు వస్తుంది. రంగు వచ్చిందంటే ఆ ద్రావణం పారబోయాలి. ‘కొంచెమే వచ్చింది కదా’ అని బేరాలు కుదరవు. యూరిక్ యాసిడ్ నీళ్లలో కరగనని మొండికేస్తుంది. 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ కొద్దిగా వేసి కరిగించి తర్వాత బఫర్‌తో పలుచన చేయండి. ఆస్కార్బిక్ యాసిడ్‌ను ఏ రోజుకారోజు తయారు చేసుకోవాలి.

సెల్‌లోకి ఒక్క మైక్రోలీటరు చొప్పున చేర్చే అలవాటు మానండి. పిపెట్టు అంత తక్కువ దగ్గర నిలకడగా ఉండదు. ఒక మిల్లీమోలార్ ద్రావణం చేసుకుని 10 మిల్లీలీటర్ల సెల్‌లోకి 10 మైక్రోలీటర్లు వేస్తే సరిగ్గా ఒక మైక్రోమోలార్ పెరుగుతుంది. లెక్క నోటితోనే చెప్పవచ్చు.

కొలవడం

మొదట సైక్లిక్ వోల్టామెట్రీ. 100 మైక్రోమోలార్ డోపమైన్‌తో –0.2 నుంచి 0.6 వోల్టుల వరకు. వేగాన్ని సెకనుకు 10 నుంచి 200 మిల్లీవోల్టుల దాకా మారుస్తూ శిఖరం ఎత్తులను రాసుకోండి. ఎత్తు వేగానికి అనులోమంగా పెరిగితే అణువులు రేకులకు అతుక్కుని స్పందిస్తున్నాయి. వేగం వర్గమూలానికి అనులోమంగా ఉంటే ద్రావణంలోంచి వ్యాపించి వస్తున్నాయి. మనం పరిచినలాంటి సందుల పూతలో రెండూ కలిసి ఉంటాయి. ఎత్తు, వేగం రెండింటి లాగరిథమ్‌ల గ్రాఫు వాలు 0.5కూ 1కీ మధ్య ఎక్కడో వస్తుంది. ఏదో ఒకటే అని తేల్చేయడానికి గీతను సాగదీయకండి.

వేర్వేరు పీహెచ్‌ల దగ్గర కూడా చూడండి. పీహెచ్ ఒకటి పెరిగితే శిఖరం సుమారు 59 మిల్లీవోల్టులు వెనక్కి జరగాలి. డోపమైన్ రెండు ఎలక్ట్రాన్లు, రెండు ప్రోటాన్లు వదిలి క్వినోన్‌గా మారుతుంది. ఎన్ని ఎలక్ట్రాన్లో అన్నే ప్రోటాన్లు అనడానికి ఆ 59 రుజువు. పీహెచ్ 8 దాటితే డోపమైన్ గాలికే ఆక్సీకరణం చెందుతుంది, అక్కడ సమయం వృథా చేయకండి.

అసలు కొలతకు డిఫరెన్షియల్ పల్స్ వోల్టామెట్రీ, అంటే వోల్టేజిని మెట్లుగా పెంచుతూ ఒక్కో మెట్టు మీద చిన్న పల్స్ వేసి, దానికి ముందూ చివరా కరెంటులో తేడా కొలిచే పద్ధతి. పల్స్ ఎత్తు 50 మిల్లీవోల్టులు, మెట్టు 4 మిల్లీవోల్టులు, పల్స్ నిడివి 50 మిల్లీసెకన్లు. నేను మొదలుపెట్టించే అమరిక ఇది. గ్రాఫీన్ పూతకు కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిల్వ చేసుకునే గుణం) ఎక్కువ కాబట్టి అడుగు కరెంటు కూడా ఉత్త ఎలక్ట్రోడు కంటే పైకి లేస్తుంది. పల్స్ పద్ధతి దాన్ని చాలావరకు తీసేస్తుంది. శిఖరం ఎత్తును సున్నా నుంచి కాక, రెండు పక్కల ఉన్న లోయలను కలిపే గీత నుంచి కొలవండి.

మూడూ కలిసినప్పుడు

500 మైక్రోమోలార్ ఆస్కార్బిక్ యాసిడ్, 300 మైక్రోమోలార్ యూరిక్ యాసిడ్, 20 మైక్రోమోలార్ డోపమైన్ ఒకే బఫర్‌లో వేయండి. రక్తంలో యూరిక్ యాసిడ్ డెసీలీటరుకు ఒక మిల్లీగ్రాము అంటే 59.5 మైక్రోమోలార్. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ 5 మిల్లీగ్రాములు మామూలే, అంటే 300కు దగ్గర. ఈ అంకెను ఆ లెక్కనే ఎంచుకున్నాను.

ఉత్త గ్లాసీ కార్బన్ మీద ఒకే వెడల్పాటి గుట్ట కనిపిస్తుంది. క్షయకరించిన గ్రాఫీన్ ఆక్సైడ్ మీద ఆస్కార్బిక్ యాసిడ్ శిఖరం సున్నా వోల్టుల చుట్టుపక్కలకు జరుగుతుంది. డోపమైన్ 0.2కు దగ్గర్లో, యూరిక్ యాసిడ్ 0.3 దాటాక వస్తాయి. మీ పూతను బట్టి కొన్ని పదుల మిల్లీవోల్టులు అటూ ఇటూ అవుతాయి. మూడు శిఖరాలు విడిపోవడం చూసిన పిల్లల ముఖాల్లో వెలుగు చూడాల్సిందే.

“మేడమ్, డోపమైన్ శిఖరం వచ్చేసింది!”

“డోపమైన్‌దే అని ఎవరు చెప్పారమ్మా? దాన్ని రెట్టింపు చేసి చూశావా?”

అదే చేయాలి. మిగతా రెండింటినీ కదపకుండా డోపమైన్‌ను మాత్రమే పెంచుతూ వెళ్లండి. మధ్య శిఖరం పెరగాలి, పక్క రెండూ కదలకూడదు. తర్వాత ఆస్కార్బిక్ యాసిడ్‌ను మాత్రమే, ఆపైన యూరిక్ యాసిడ్‌ను మాత్రమే.

ఇక్కడ ఒక మాయ దాగి ఉంది. డోపమైన్ ఆక్సీకరణం చెంది క్వినోన్ అయ్యాక, పక్కనే ఉన్న ఆస్కార్బిక్ యాసిడ్ దానికి ఎలక్ట్రాన్లు ఇచ్చి తిరిగి డోపమైన్‌గా మార్చేస్తుంది. అది మళ్లీ ఆక్సీకరణం చెందుతుంది. ఒకే అణువును రెండోసారి లెక్కపెట్టినట్టయి డోపమైన్ కరెంటు ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి ఉత్త బఫర్‌లో గీసిన క్రమాంకన గీతను (ఎంత గాఢతకు ఎంత కరెంటు వస్తుందో చూపే గీతను) మిశ్రమానికి వాడితే ఫలితం తప్పుతుంది. ఆస్కార్బిక్ యాసిడ్ ఉన్న బఫర్‌లోనే ఇంకో గీత గీయండి. రెండు గీతల వాలుల్లో తేడా ఎంతో రిపోర్టులో రాయండి.

డోపమైన్‌కు ఇంకో గుణముంది. క్వినోన్ చుట్టుకుపోయి, ఒకదానితో ఒకటి కలిసి పాలీడోపమైన్ అనే జిడ్డు పొరగా ఎలక్ట్రోడుకు అంటుకుంటుంది. ఒకే ద్రావణంలో వరసగా పదిసార్లు కొలిచి, కరెంటు ఎంత పడిపోతోందో చూడండి. ప్రతి కొలత తర్వాత ఉత్త బఫర్‌లో రెండు సైకిళ్లు తిప్పితే కొంత కోలుకుంటుంది. ఐదు ఎలక్ట్రోడులు విడివిడిగా తయారు చేసి వాటి మధ్య తేడా కూడా లెక్కగట్టండి. ఒకే ఎలక్ట్రోడుతో ఐదుసార్లు కొలిచి దాన్నే ‘పునరుత్పాదకత’ అని రాసేవాళ్లున్నారు. అది వేరు, ఇది వేరు.

ఈ ఘనత గ్రాఫీన్‌దేనా?

2020లో ప్రాగ్‌లో పనిచేసే మార్టిన్ పుమేరా బృందం గ్రాఫీన్‌లో పిట్ట రెట్టను కలిపి పరీక్షించింది. గ్రాఫీన్ ఉత్ప్రేరక గుణం పెరిగింది! ఏ చెత్త కలిపినా మేలు కనిపిస్తుందంటే, ‘మేం ఫలానాది కలిపాం, మేలు జరిగింది’ అనే పత్రాలకు విలువెంత అని వాళ్ల ప్రశ్న. వాళ్లు పరీక్షించింది హైడ్రోజన్, ఆక్సిజన్ చర్యలనే. అయినా ఆ చురక మన సెన్సర్లకూ తగులుతుంది. అదే బృందం అంతకు ముందు గ్రాఫీన్‌లో మిగిలిపోయే లోహ మాలిన్యాల మీద కూడా హెచ్చరించింది. హమ్మర్స్ పద్ధతి వదిలే మాంగనీసు అలాంటిదే. వీలుంటే మీ పదార్థంలో మాంగనీసు ఎంతుందో కొలిపించండి.

రెండో అనుమానం ఇంకా సూక్ష్మమైనది. పూత సందుల్లో ద్రావణం చిక్కుకుని ఉంటుంది. అక్కడి అణువులు దూరం నుంచి వ్యాపించి రానక్కర్లేదు, చేతికందేంత దగ్గర్లోనే ఉన్నాయి. అందువల్లే శిఖరం పెరిగి, వోల్టేజి తగ్గినట్టు కనిపించవచ్చు. ఉత్ప్రేరకం ఏమీ లేకుండానే ఉత్ప్రేరకం ఉన్నట్టు భ్రమ. ఆక్స్‌ఫర్డ్‌లో రిచర్డ్ కాంప్టన్ బృందం ఈ విషయాన్ని పదేపదే చూపించింది. ర్యాండల్స్–సెవ్చిక్ సమీకరణం చదునైన ఎలక్ట్రోడుకు రాసినది కాబట్టి, పూత వేశాక దాంతో ‘చురుకైన వైశాల్యం’ లెక్కగట్టి గొప్పలు పోవద్దు.

కాబట్టి పోలిక ఎలక్ట్రోడులు తప్పనిసరి. ఉత్త గ్లాసీ కార్బన్ ఒకటి. పూత లేకుండానే –1.4 వోల్టుల సైకిళ్లన్నీ తిప్పిన గ్లాసీ కార్బన్ ఇంకొకటి, ఎందుకంటే ఆ సైకిళ్లే కార్బన్ ముఖాన్ని మార్చగలవు. క్షయకరించని గ్రాఫీన్ ఆక్సైడ్ మూడోది. అదే బరువు గ్రాఫైటు పొడి పూసినది నాలుగోది. గ్రాఫైటు పొడి కూడా మూడు శిఖరాలను విడదీసేస్తే, మీ గ్రాఫీన్ చేసిన ప్రత్యేకత ఏమిటో మళ్లీ ఆలోచించుకోవాలి. ఈ నాలుగో ఎలక్ట్రోడు అంటే విద్యార్థులకు అసలు ఇష్టముండదు. నాకు ఎక్కువ ఇష్టం అదే.

గుర్తింపు పరిమితి

ఖాళీ బఫర్‌ను పదిసార్లు కొలిచి, ఆ విలువల ప్రామాణిక విచలనాన్ని మూడుతో గుణించి, క్రమాంకన గీత వాలుతో భాగించండి. ఉదాహరణకు విచలనం 0.02 మైక్రోయాంపియర్లు, వాలు మైక్రోమోలార్‌కు 0.4 మైక్రోయాంపియర్లు అయితే పరిమితి 0.15 మైక్రోమోలార్. వచ్చిన అంకె దగ్గర నిజంగా ఒక ద్రావణం చేసి కొలవండి. శిఖరం కనిపించకపోతే ఆ అంకె కాగితం మీదిదే. ఐదు మైక్రోమోలార్ కంటే కింద ఒక్క కొలతా లేకుండా నానోమోలార్ పరిమితి ప్రకటించే పత్రాలను చూసి కంగారు పడకండి.

అసలు నమూనా

రక్తంతో మొదలుపెట్టవద్దు. దానికి నైతిక సంఘం అనుమతి, వైద్యుల సహకారం కావాలి. పైగా ఆరోగ్యవంతుల ప్లాస్మాలో స్వేచ్ఛగా ఉండే డోపమైన్ ఈ ఎలక్ట్రోడుకు అందనంత తక్కువ. విభాగం లేఖతో ఆసుపత్రి ఫార్మసీ నుంచి డోపమైన్ ఇంజెక్షన్ ఆంప్యూల్ ఒకటి తెప్పించుకోండి. రక్తపోటు పడిపోయినవాళ్లకు వాడే మందు అది. 5 మిల్లీలీటర్లలో 200 మిల్లీగ్రాములు, అంటే మిల్లీలీటరుకు 40. మోలార్లలో 0.211. పది మైక్రోలీటర్లు తీసుకుని బఫర్‌తో 10 మిల్లీలీటర్లకు పలుచన చేస్తే 211 మైక్రోమోలార్. అందులో ఒక మిల్లీలీటరును మళ్లీ 10కి పెంచితే 21. మీ సెన్సర్ ఎంత చెబుతుందో ఈ అంకెతో పోల్చండి. ఆంప్యూల్‌లో పాడవకుండా సోడియం మెటాబైసల్ఫైట్ కలుపుతారు. అదే మోతాదులో దాన్ని ఉత్త బఫర్‌లో వేసి విడిగా ఒకసారి కొలిచి, దాని వల్ల శిఖరం ఏదీ రావడం లేదని చూసుకోండి.

ఆ తర్వాత మూత్రం, అదీ మీదే. ఇందులోనూ మార్గదర్శకుల అనుమతి అడగాలి. వడగట్టి, బఫర్‌తో వంద రెట్లు పలుచన చేయండి. యూరిక్ యాసిడ్ శిఖరం ముందే పెద్దగా కనబడుతుంది. అందులో తెలిసినంత డోపమైన్ చేర్చి ఎంత తిరిగి కనిపిస్తుందో చూడండి. గీతను వేరే బఫర్‌లో గీసుకుని పోల్చకండి. అదే నమూనాకు విడతలుగా డోపమైన్ చేరుస్తూ గీత గీయండి. 95 నుంచి 105 శాతం మధ్య వస్తే మంచిదే. 99.8, 100.1, 99.9 అని వరసగా వస్తే పిపెట్టు కంటే ముందు ఆ విద్యార్థిని పరీక్షించాలి.

గ్రాఫీన్ కాక వేరేవి

2011లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో పుట్టిన టైటానియం కార్బైడ్ మెక్సీన్ (గ్రాఫీన్‌లాగే పలుచని రేకులుగా ఉండే పదార్థం) అంటే ఇప్పుడు అందరికీ మోజు. వాహకత చాలా ఎక్కువ, నీటిలో బాగా కలుస్తుంది. కానీ 0.4 వోల్టులకు దగ్గరయ్యేసరికి అదే ఆక్సీకరణం చెంది టైటానియం డయాక్సైడ్‌గా మారిపోతుంది. యూరిక్ యాసిడ్ కొలవాలనుకునేవాళ్లు కత్తి అంచు మీద నడవాలి. రుణ వోల్టేజిల దగ్గర పనిచేసే హైడ్రోజన్ పెరాక్సైడ్ సెన్సర్లకైతే సరిపోతుంది. నీళ్లలో కలిపిన సీసా కూడా రోజులు గడిచేకొద్దీ తెల్లబడుతుంది. దాన్ని తయారు చేయడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, లేదా దాన్ని అక్కడికక్కడ పుట్టించే లిథియం ఫ్లోరైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కావాలి. ఆ ఆమ్లం ఒంటి మీద పడితే వెంటనే రాయాల్సిన కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేని ప్రయోగశాలలో ఆ మాట ఎత్తవద్దు.

మాలిబ్డినం డైసల్ఫైడ్ గాలికి, నీటికి ఓర్చుకుంటుంది. కానీ మామూలు రూపంలో అది అర్ధవాహకం. ఒంటరిగా వేస్తే కరెంటు నీరసంగా ఉంటుంది. బంగారు నానో రేణువులనో, గ్రాఫీన్‌నో తోడు చేస్తే పనిచేస్తుంది. నల్ల భాస్వరం రేకులు గాలి తగిలితేనే పాడవుతాయి. ప్రాజెక్టు గడువు నాలుగు నెలలున్నవాళ్లు దాని జోలికి పోవద్దు.

పని ముగిశాక ఎలక్ట్రోడు మీది పూతను తడి మెత్తతో తుడిచి, 0.05 మైక్రాన్ అల్యూమినాతో రెండు నిమిషాలు రుద్ది, కడిగి, పొడిగా డబ్బాలో పెట్టండి. పూతతోనే వారం దాచి మళ్లీ వాడాలనుకుంటే రోజూ ఒకసారి కొలిచి, ఎంత తగ్గుతుందో పట్టికగా రాసుకోండి. రిఫరెన్స్ ఎలక్ట్రోడును మాత్రం గాలికి వదలకూడదు. 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో మొన మునిగి ఉండాలి. ఎండితే మొనలో ఉప్పు గడ్డకట్టి, మర్నాడు శిఖరాలన్నీ ఇరవై ముప్పై మిల్లీవోల్టులు జరిగిపోతాయి. అప్పుడు తప్పు రేకులదని వెతుక్కుంటూ కూర్చుంటారు.